విశ్వాస పత్రిక కొత్తగా పెట్టినవాళ్ళు పాఠకుల మనసులో మాట రాబట్టడం ఎలా

సినిమా పత్రిక నచ్చకపోతే జనం ముఖం మీదే చెప్పేస్తారు. దేవుని పేరు మీద వచ్చే పత్రిక నచ్చకపోతే చెప్పరు. "చాలా బాగుందమ్మా, దేవుడు మిమ్మల్ని ఇంకా వాడుకోవాలి" అని చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్ళిపోతారు. అది అబద్ధం కాదు. దేవుని పనికి వంక పెడితే పాపమేమో అన్న భయం. దేవుని వాక్యం మీద ఉన్న గౌరవాన్ని మన అచ్చుతప్పులకు కూడా ఇచ్చేస్తారు. ఆ గౌరవం చూసి మనం మురిసిపోతాం. ఏడాది తిరిగేసరికి చందాలు సగానికి పడిపోతాయి, ఎందుకు పడిపోయాయో చెప్పేవాడు ఒక్కడూ ఉండడు.

నేను ఉండేది శ్రీకాకుళంలో. మూడు సంఘాల వాళ్ళు కలిసి తెచ్చే ఒక చిన్న మాసపత్రికకు ప్రూఫులు చూడటం, వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాయడం నా పని. ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేట, ఇటు పాలకొండ మీదుగా సీతంపేట దాకా మా కాపీలు వెళ్తాయి. ఈ మధ్య రాజాం నుంచి, బొబ్బిలి నుంచి కొత్తగా పత్రిక మొదలుపెడుతున్న పిల్లలు ఫోన్ చేసి "అక్కా, పాఠకుల్ని అభిప్రాయం ఎలా అడగాలి?" అన్నారు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను. నా అనుభవం క్రైస్తవ పత్రికది. అయినా భక్తి పత్రిక ఎవరిదైనా ఈ చిక్కు మాత్రం ఒకటే.

అడిగే ముందు తేల్చుకోవలసినవి

మార్చే ఉద్దేశం లేనిదాని గురించి అడగకండి. పత్రిక పని చూసేవాళ్ళంతా ఒక సాయంత్రం కూర్చుని రెండు జాబితాలు రాసుకోండి. ఒకటి, పాఠకులు చెబితే మార్చగలిగినవి: అక్షరం సైజు, కాగితం, శీర్షికలు, వ్యాసం పొడుగు, భాష, పత్రిక ఇంటికి చేరే తేదీ. రెండోది, ఎవరు చెప్పినా మార్చనివి. మావి ఇవి: మా విశ్వాస ప్రమాణం, ఏ పార్టీకీ ప్రచారం చేయకపోవడం, ఇంకో మతాన్ని కించపరిచే ముక్క ఒక్కటీ వేయకపోవడం. ఈ రెండో జాబితా కూడా పాఠకులకు ముందే చెప్పేయండి. ఏది మాట్లాడవచ్చో తెలిస్తే జనం ధైర్యంగా మాట్లాడతారు.

మార్చగలం అని రాసుకున్న ప్రతిదాని పక్కనా ఖర్చు వేసుకోండి. మా పెద్దవాళ్ళలో ఎక్కువమంది అడిగేది "అచ్చరాలు పెద్దవి చెయ్యండమ్మా" అని. న్యాయమైన కోరికే. కానీ 12 పాయింట్ల నుంచి 14కి పెంచితే పేజీలో పట్టే విషయం పాతిక శాతం పైనే తగ్గిపోతుంది. 32 పేజీల పత్రికలో ఎనిమిది పేజీల సరుకు బయటికి పోవాలి, లేదా పేజీలు పెంచాలి. ప్రెస్సులో పేజీలు ఫారాల లెక్కన, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టల లెక్కన పెరుగుతాయి గాని మనకు కావలసినట్టు ఒకటీ రెండూ పెరగవు. ఈ లెక్క ముందే చేతిలో ఉంటే పాఠకుణ్ణి "అక్షరం పెంచమంటారా?" అని అడగరు. "అక్షరం పెంచాలంటే ఈ మూడు శీర్షికల్లో ఒకటి పోవాలి, ఏది తీసేద్దాం?" అని అడుగుతారు. మొదటి ప్రశ్నకు అందరూ ఔనంటారు. రెండోదానికి వచ్చే జవాబుతోనే మనం ఏదైనా చేయగలం.

"ఎలా ఉంది?" అని అడగకండి

ఆ ప్రశ్నకు మన ఊళ్ళల్లో జవాబు ఎప్పుడో తయారై ఉంది: బాగుంది. పెళ్ళి భోజనం ఎలా ఉందని పెళ్ళికూతురి తండ్రి అడిగితే ఏం చెబుతాం? అదే చెబుతాం. అయిదింటికి ఎన్ని మార్కులు వేస్తారని గళ్ళు గీసి ఇచ్చినా అంతే, దేవుని పత్రికకు మూడు వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

జరిగిందేమిటో అడగండి. నచ్చిందా లేదా అన్నది తీర్పు, తీర్పు చెప్పమంటే జనం జంకుతారు. ఏం జరిగిందో చెప్పమంటే జంకు ఉండదు. నేను అడిగే ప్రశ్నల్లో పనికొచ్చినవి కొన్ని:

"ఈ నెల ఏ పేజీ సగంలో ఆపేశారు?"

"ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించారా? ఏది?"

"ఏ చోట ఆగి మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది?"

"పోయిన నెల పత్రిక ఇప్పుడు మీ ఇంట్లో ఎక్కడుంది?"

చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. బైబిలు సంచిలో ఉందంటే ఒక అర్థం, టీవీ కింద ఉందంటే ఇంకో అర్థం. పక్కింటావిడ పట్టుకెళ్ళి ఇంకా తిరిగివ్వలేదు అంటే మనకు అంతకన్నా మంచి వార్త లేదు. ఎవరో ఒకామె ముఖచిత్రం చింపి గోడకు అంటించి లోపలి కాగితాలు పొయ్యి దగ్గర పెట్టుకుంది. ఆమె ఆ సంగతి చెప్పడానికి ఏ మాత్రం మొహమాటపడలేదు, నేను అడిగింది పత్రిక ఎక్కడుందని మాత్రమే కాబట్టి. ఆ ఇంట్లో బొమ్మ చేసిన పని వ్యాసాలు చేయలేదని ఆ ఒక్క జవాబుతో తెలిసిపోయింది.

ఒక విడతకు మూడు ప్రశ్నలు చాలు. నాలుగోది రాశారంటే కార్డు సగం నింపి పక్కన పెట్టేస్తారు.

పిలుపు ఎక్కడ వేయాలి, ఎలా రాయాలి

చివరి అట్ట లోపలి వైపు, అడుగున, చిన్న అక్షరాల్లో "మీ అమూల్యమైన సలహాలు, సూచనలు పంపగలరు" అని వేస్తే ఎవరూ పంపరు. ఆ వాక్యం జనం కంటికి కనబడటం మానేసి చాలా కాలమైంది. ప్రచురణకర్త, ముద్రాపకుడు, సంపాదకుల వివరాలు వేసే చోట చిరునామా ఎలాగూ ఉంటుంది, అది అక్కడే ఉండనివ్వండి. పిలుపు మాత్రం ఎక్కువమంది చదివే పేజీలో వేయండి. మా పత్రికలో అది సాక్ష్యాల పేజీ, అంటే దేవుడు తమకు చేసిన మేలు గురించి విశ్వాసులే చెప్పుకునే పేజీ. కొందరికి పిల్లల పేజీ కావచ్చు, ఆదివారం బడి పాఠం కావచ్చు.

రాసే తీరు ఇలా ఉంటే బాగుంటుంది:

"ప్రియ పాఠకులకు వందనాలు. ఈ సంచికలో మీరు సగంలో వదిలేసిన పేజీ ఏది? ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించింది ఏది? అర్థం కాక రెండోసారి చదివిన చోటు ఏది? ఒక్కోదానికి ఒక్క ముక్క రాసి పంపండి. పేరు రాయడం, మానడం మీ ఇష్టం. రాయడం కుదరకపోతే మా నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి, సాయంత్రం 6 దాటాక మేమే ఫోన్ చేస్తాం. 20వ తేదీలోగా అందినవన్నీ వచ్చే సంచిక అచ్చుకు వెళ్ళకముందే చదువుతాం. మా పనిలో లోపం చూపిస్తే దేవుని పనికి మీరు అడ్డుపడినట్టు కాదు, చేయి అందించినట్టు."

ఆఖరి వాక్యాన్ని తీసేయకండి. ఆ అనుమతి కోసమే చాలామంది ఎదురుచూస్తుంటారు. సంఘంలో ఈ మాట పాస్టరు గారి నోట రావడం ఇంకా మంచిది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం 11వ వచనంలో బెరయ ఊరివాళ్ళ సంగతి ఉంది కదా. అపొస్తలుడైన పౌలు అంతటివాడు చెప్పినా, అది నిజమో కాదో అని వాళ్ళు ప్రతిరోజూ లేఖనాలు తీసి చూసుకున్నారు. అందుకు వాళ్ళను మెచ్చుకున్నారే గాని తప్పుపట్టలేదు. పౌలు మాటనే పరీక్షించగా లేనిది మన పత్రికను పరీక్షిస్తే ఏం పోయిందని ఒక ఆదివారం వేదిక మీద నుంచి చెప్పించండి. ఆ వారం వచ్చే ఉత్తరాల తీరే మారుతుంది.

ఇక కార్డు సంగతి. పోస్టు కార్డు ధర యాభై పైసలే. 500 కాపీల పత్రికైతే చిరునామా అచ్చు వేసిన కార్డు కాపీకి ఒకటి చొప్పున పెట్టడానికి 250 రూపాయలు, పైన అచ్చు కూలి. ప్రతి నెలా అక్కర్లేదు, ఏడాదికి రెండుసార్లు చాలు. తపాలా శాఖలో బిజినెస్ రిప్లై అని ఇంకో పద్ధతి ఉంది. పర్మిట్ తీసుకుంటే పాఠకుడు స్టాంపు అంటించనక్కర్లేదు, తిరిగి వచ్చిన వాటికి మాత్రం మనం కట్టుకుంటాం. కాపీలు వేలల్లో ఉంటే అది లాభం. చిన్న పత్రికకు మామూలు కార్డే సుఖం. చేతికి కార్డు వచ్చిందంటే పెద్దవాళ్ళకు అది బాకీ లాంటిది, రాసి పోస్టు చేసేదాకా ఊరుకోరు.

కుర్రాళ్ళకు వాట్సాప్. ఇక్కడ ఒక జాగ్రత్త. పాఠకులందరినీ కలిపి గ్రూపు పెట్టకండి. ఒకరి నంబరు ఇంకొకరికి తెలిసిపోతుంది, ఆడపిల్లలకు అది టెన్షన్. పైగా రెండో రోజు నుంచి గుడ్ మార్నింగ్ బొమ్మలు మొదలవుతాయి, ఆ వరదలో అసలు మాట దొరకదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకుంటే ఎవరి జవాబు వాళ్ళదిగా మీకొక్కరికే వస్తుంది. ఒక లిస్టులో 256 మంది పడతారు, మీ నంబరు వాళ్ళ ఫోనులో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. అందుకే పత్రికలో నంబరు వేసేటప్పుడు "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని పక్కనే రాయండి. టైపు చేయమని అడగకండి, వాయిస్ పంపమనండి. తెలుగులో టైపు చేయడం రాక "సూపర్ సిస్టర్" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వదిలేసే కుర్రాడు, వాయిస్‌లో అయితే రెండు నిమిషాలు మాట్లాడతాడు. ఆ రెండు నిమిషాల్లో చివరి ముప్పై సెకన్లు శ్రద్ధగా వినండి. అసలు సంగతి ఎప్పుడూ "ఇంకోటండీ..." అన్న తర్వాతే వస్తుంది.

ప్రార్థన మనవులకు వేరే దారి పెట్టండి

ఇది చాలామందికి తట్టదు. మీరు పత్రిక గురించి రాయమంటారు, వాళ్ళు భర్త తాగుడు గురించి రాస్తారు. కూతురికి పెళ్ళి కాలేదని, అప్పుల వాళ్ళు ఇంటికి వస్తున్నారని రాస్తారు. దేవుని పత్రిక కదా, వాళ్ళకు అది సహజం. ఆ ఉత్తరాన్ని అభిప్రాయాల కట్టలో పెట్టి సంపాదక సమావేశంలో నలుగురి ముందు చదివారంటే వాళ్ళ నమ్మకం పోయినట్టే. చిన్న ఊళ్ళు. పేరు తీసేసినా "ఇద్దరు కూతుళ్ళు, భర్త లారీ డ్రైవరు" అంటే ఎవరో తెలిసిపోతుంది.

కాబట్టి కార్డు మీద అడుగున ఒక గీత గీయండి. గీత పైన పత్రిక సంగతి, గీత కింద ప్రార్థన మనవి. కింది భాగం ఎవరు చూస్తారో అక్కడే రాయండి: "ఈ భాగం ప్రార్థన చేసే ఇద్దరు తప్ప ఎవరూ చదవరు, అచ్చు వేయం." అన్నట్టే చేయండి. కార్డు కదా, పోస్టుమాన్ కంట పడుతుంది. దాచుకోవాల్సిన మాటైతే కవరులో పెట్టి పంపమని కూడా ఒక ముక్క కలపండి. ఆ మనవులకు ముందు జవాబు రాసి, పత్రిక సంగతి తర్వాత చూడండి. ఈ క్రమం తప్పనివ్వకండి.

చదవని పాఠకులు

2011 జనాభా లెక్కల్లో మన శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత దాదాపు 62 శాతం, విజయనగరం 59 శాతం. ఆ తర్వాత పెరిగి ఉంటుంది, అయినా ఇంట్లో అరవై దాటిన ఆడవాళ్ళలో చదవలేనివాళ్ళు ఇప్పటికీ చాలామందే. అంటే మన పత్రికను వినేవాళ్ళు చాలామంది. మనవరాలు చదువుతుంది, నానమ్మ వింటుంది. ప్రార్థన కూడికలో ఒకరు చదువుతారు, పదిమంది వింటారు. వీళ్ళెవరూ కార్డు రాయరు. కార్డుల మీదే ఆధారపడితే సగం మంది మాట మనకు చేరనే చేరదు.

వీళ్ళ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడు మీరు చదివి వినిపించకండి, ఆ ఇంట్లో రోజూ ఎవరు చదువుతారో వాళ్ళ చేతే చదివించండి. మీరు పక్కన కూర్చుని చూడండి, అంతే. టెక్కలి వైపు ఒక ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్ల వాళ్ళ నానమ్మకు మా పత్రిక చదువుతోంది. వేలు వరుస కింద పెట్టి జరుపుకుంటూ పోతోంది. ఒక వాక్యం మూడు వరుసలు దాటింది. రెండో వరుస చివర వేలు ఆగింది. పిల్ల వెనక్కి వచ్చింది, మళ్ళీ చదివింది, మళ్ళీ అక్కడే ఆగింది. నానమ్మ చేతిలో చింతపండు గింజలు తీస్తోంది. పిల్ల ఆగినప్పుడల్లా ఆమె చేయి మాత్రం ఆగడం లేదు. తర్వాతి పేరాలో ఒక తల్లి కొడుకు కోసం కనిపెట్టుకుని ఉన్న సంగతి వచ్చింది. చేయి ఆగింది. "మల్లీ సదువు" అంది.

వాళ్ళను నేను ఏమీ అడగలేదు. పిల్ల వేలు ఆగిన చోట్లు, పెద్దావిడ చేయి ఆగిన చోట్లు నా కాపీ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. ఆ గుర్తులు ప్రెస్సుకు పంపేముందు వ్యాసం దిద్దడానికి వంద కార్డుల పెట్టు పనికొచ్చాయి. వాక్యం రెండు వరుసలు దాటకూడదని మేం పెట్టుకున్న నియమం అక్కడి నుంచే వచ్చింది.

సీతంపేట వైపు ఇంకో సంగతి. అక్కడ మన పత్రిక తీసుకునే సవర గిరిజన కుటుంబాలకు తెలుగు ఇంటి భాష కాదు. సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. జనం మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన జీవితమంతా పోరాడిన ప్రాంతంలో ఉండి, మనం వ్యాసం నిండా "యొక్క", "మరియు", "గావించబడినది" అని రాస్తే ఎలా? సవర పాఠకుల్ని అడిగేటప్పుడు వాళ్ళ భాష వచ్చినవాళ్ళను తోడు తీసుకెళ్ళండి, వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి. తెలుగులో చెప్పమంటే "బాగుంది" దాటి రాదు, అది మనల్ని గౌరవించడం కూడా కాదు, మాట దొరకకపోవడం.

ఎవర్ని, ఎప్పుడు

పాస్టరు గారు పక్కన ఉండగా అడగకండి. ఆరాధన అయ్యాక "పత్రిక నచ్చినవాళ్ళు చేతులెత్తండి" అని అసలే అనకండి. స్త్రీల సమాజం కూడికలో టీ తాగేటప్పుడు, నలుగురైదుగురు కూర్చున్న చోట అడగండి. మొదట ఒకరు ధైర్యం చేసి "ఆ పాస్టరమ్మ గార్ల ఫొటోలు మరీ ఎక్కువైనాయండి" అంటే, మిగతావాళ్ళ నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. ఆ మొదటి మాట అన్నావిడకు అందరి ముందూ థాంక్స్ చెప్పండి.

చందా మానేసినవాళ్ళను తప్పకుండా పలకరించండి. మళ్ళీ కట్టమని అడగడానికి కాదని ముందే చెప్పి, ఏ నెల నుంచి చదవడం తగ్గిందో మాత్రం అడగండి. మన సంఘం కాని ఇరుగుపొరుగును కూడా అడగండి. రథసప్తమికి అరసవల్లి వెళ్ళి దర్శనం చేసుకొచ్చే మా వీధి మాస్టారు ఒకాయన మా పత్రిక నెలనెలా చదువుతారు. "మీలో మీరు వాడుకునే మాటలు నాకు తెలియవమ్మా, రక్షణ పొందడం అంటే ఏమిటో ఎక్కడా చెప్పలేదు" అన్నారాయన. మన లోపలివాళ్ళు ఎవరూ ఆ మాట అనలేరు, ఎందుకంటే వాళ్ళకు అది పుట్టినప్పటి నుంచి తెలుసు.

కాలం కూడా చూసుకోవాలి. డిసెంబరులో అడగకండి, క్రిస్మస్ హడావుడిలో ఎవరికీ తీరిక ఉండదు. వరి నాట్ల రోజుల్లో పల్లెల్లో మధ్యాహ్నం ఇళ్ళల్లో మనిషి దొరకడు. పలాస, ఉద్దానం వైపు వేసవి అంటే జీడి పనులు. అదే వేసవిలో సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో మాత్రం తీరిక. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మగవాళ్ళు ఇళ్ళ దగ్గర వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. గుజరాత్‌లో వీరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేసే మన కుర్రాళ్ళలో చాలామంది కూడా వేసవికి ఇంటికొస్తారు. వాళ్ళు అక్కడ మన పత్రిక చదివేది కాగితం మీద కాదు. ఇంట్లోవాళ్ళు పేజీలు ఫొటో తీసి పంపితే ఫోనులో పెద్దవి చేసుకుని చదువుతారు. రెండు కాలమ్‌లుగా పేజీ కడితే అలా చదవడం ఎంత కష్టమో వాళ్ళు చెబితేనే మాకు తెలిసింది. ఇప్పుడు సాక్ష్యాల పేజీ ఒకే కాలమ్‌గా వస్తోంది.

మనసు కలచివేసే మాట వస్తే

అచ్చుతప్పుల మాట ఎవరైనా తట్టుకుంటారు. విశ్వాసానికి తగిలే మాట వచ్చినప్పుడే పరీక్ష. ఉద్దానం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం గురించి చెబుతాను, ఆమె అనుమతితోనే. ఆమె భర్తకు కిడ్నీ జబ్బు, డయాలసిస్ మీద ఉన్నాడు. ఆ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళల్లో ఉన్న కష్టమే అది. మేం వరసగా స్వస్థత సాక్ష్యాలు వేస్తున్నాం. "ఆళ్ళందరికీ నయమైంది, మా ఆయనకి కాలేదు. మాకు విశ్వాసం తక్కువని మీ పుస్తకం అంటున్నాదా అక్కా?" అని రాసింది.

ఇలాంటి ఉత్తరానికి వెంటనే బైబిలు వాక్యాలు ఏరి జవాబు రాయకండి. ఆమెకు వాక్యం తెలియక కాదు. ముందు ఫోన్ చేయండి, వీలైతే వెళ్ళండి. పత్రిక గురించి మాట్లాడకుండా ఆయన ఎలా ఉన్నాడో, డయాలసిస్‌కు వారానికి ఎన్నిసార్లు ఎవరు తీసుకెళ్తున్నారో అడగండి. ఆ తర్వాత పత్రిక పనివాళ్ళంతా కూర్చుని ఆ ఉత్తరం పైకి చదవండి. సమర్థించుకోవడానికి ఎవరైనా నోరు తెరిస్తే "ఇవాళ వినడమే" అని ఆపండి. మేం ఆ తర్వాత తీసుకున్న నిర్ణయం ఇది: జబ్బు తగ్గిన సాక్ష్యం వేసే ప్రతి సంచికలోనూ, జబ్బు తగ్గకుండానే దేవుణ్ణి పట్టుకుని నిలబడ్డవాళ్ళ సాక్ష్యం ఒకటి వేస్తాం. మందులు మానేశామని చెప్పే సాక్ష్యాన్ని వేయం. జబ్బు తగ్గకుండానే నిలబడ్డవాళ్ళ సాక్ష్యాల్లో మొదటిది ఆమే చెప్పింది, నేను రాసుకున్నాను. పేరు వేయలేదు, ఊరు వేయలేదు. అచ్చుకు ముందు మొత్తం ఫోనులో చదివి వినిపించి, ఆమె తీసేయమన్న రెండు వాక్యాలు తీసేశాను.

ఉత్తరం ఏదైనా అచ్చు వేయాలంటే రాసినవాళ్ళను అడిగి తీరాలి. "పత్రికకే కదా రాశారు" అనుకోకండి. మనకు చెప్పడం వేరు, ఊరంతటికీ చెప్పడం వేరు.

వచ్చిన మాటల్ని ఏం చేయాలి

ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. తేదీ, ఏ ఊరు, ఏమన్నారు, మనం ఏం చేశాం. "ఏమన్నారు" అన్న గడిలో వాళ్ళ మాటే రాయండి, మన మాటల్లోకి మార్చకండి. "బుర్రకెక్కలేదు" అన్నది "భాష కొంత క్లిష్టంగా ఉంది" అని రాసుకుంటే దాని పదును పోతుంది.

ఒకరే అన్నారా, పదిమంది అన్నారా అని లెక్కపెట్టేటప్పుడు ఒక తేడా గమనించండి. ఇష్టాయిష్టాలకు సంఖ్య చూడాలి. పాటల పేజీ కావాలని ఒకరంటే ఆగండి, చాలామంది అంటే వేయండి. అడ్డంకికి సంఖ్య చూడక్కర్లేదు. కళ్ళు సరిగా కనబడనివాళ్ళు ఒక్కరు "నున్నటి కాగితం మీద లైటు పడి అక్షరాలు మెరుస్తున్నాయి" అన్నా చాలు, అది ఇంకా చాలామంది చెప్పని మాట. ఆ నున్నటి ఆర్ట్ పేపరు అట్టకు ఉంచుకుని లోపల మెరుపు లేని మ్యాప్‌లిథో వాడితే కళ్ళకూ సుఖం, ఖర్చూ తక్కువ.

మెప్పు మాటల్ని కూడా రాసుకోండి, కాకపోతే "ఎందుకు" అన్నది తెలిసినవే. "మీ పత్రిక చదివాక మా తోడికోడలితో మాట్లాడాను" అన్నది పది "ఆమెన్‌"ల కంటే విలువైన మాట. అలా ఎవరైనా అంటే ఏ పేజీ చదివి అని అడిగి తెలుసుకోండి.

జవాబు వారంలో వెళ్ళాలి. పొడుగ్గా అక్కర్లేదు: "అక్కా, మీ కార్డు అందింది. పిల్లల పేజీలో పొడుపుకథ జవాబు వేయడం మరిచామని రాశారు. వచ్చే నెల రెండు జవాబులూ వేస్తాం. మీరు ఇంత శ్రద్ధగా చదువుతున్నందుకు సంతోషం." అంతే. ఆమె రాసిన సంగతి జవాబులో కనబడాలి. అందరికీ ఒకే అచ్చు కాగితం పంపితే రెండోసారి రాయరు.

ఆ తర్వాతి సంచికలో పావు పేజీ కేటాయించి, మీరు చెప్పినవి, మేం చేసినవి, చేయలేకపోయినవి అని వేయండి. చేయలేకపోయినవాటికి కారణం రాయండి: "పేజీలు పెంచమన్నారు. పెంచితే చందా పెంచాలి. ఈ ఏడాది పెంచదలచుకోలేదు." జనం ఈ పేజీ ఎంత ఆసక్తిగా చదువుతారో మీరే చూస్తారు, తమ మాట ఉందేమోనని వెతుక్కుంటారు. పేర్లు వేయకుండా "నరసన్నపేట నుంచి ఒక సోదరుడు" అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది. ఊరు మరీ చిన్నదైతే మండలం పేరుతో సరిపెట్టండి.

అవే మూడు ప్రశ్నలు మూడు సంచికల కంటే ఎక్కువ నడపకండి. పాఠకులకు జవాబులు అలవాటైపోతాయి, ఆలోచించకుండా రాసేస్తారు. కొత్త ప్రశ్నలకు సరుకు మీ నోట్‌బుక్‌లోనే ఉంటుంది, ఏ గడి చివర "ఏం చేశాం" అన్నది ఇంకా ఖాళీగా ఉందో చూసి, అక్కడి నుంచి తీసుకోండి.